పై బయటి పావు

ఫార్మలిన్‌కి కొత్త పిల్లలు ఏడుస్తారు.
నాకేం కాదు.
ఏటుకూరు రోడ్డులో, మిరపయార్డు గాలికి
ఉయ్యాల్లోనే దగ్గినవాణ్ణి.

ఇరవై ఆరేళ్ళుగా అనాటమీ హాల్లో అటెండర్ని.
టేబుళ్ళు కడుగుతా, తడిగుడ్డలు కప్పుతా.
బోర్లా తిప్పడానికి నలుగురు చాలనప్పుడు
ఏలియా, ఓ చెయ్యెయ్యి, అంటారు.

ఈ వారం మూడో టేబులు.
పేరు లేదు, నంబరుంది.
మెడ వెనక కాయ చూసి
హమాలీ అనుకున్నాను.

చర్మం లేచింది. కొవ్వు లేచింది,
ఉడికిన పెసరపప్పులా.
దాని కింద దళసరి కండ, ఏటవాలు పోగులు.
"గ్లూటియస్ మాక్సిమస్," అంది వకుళ మేడం,
"చదును నేల మీద దీనికి పని తక్కువ.
మెట్టెక్కితే నిద్ర లేస్తుంది."
అంటే వీడికి రోజంతా మెలకువే.
లారీకి ఆనించిన చెక్క మీద
టిక్కీ మోస్తూ ఎక్కినన్నిసార్లూ.

దాన్ని కోసి పక్కకి మడిచారు.
కింద మీడియస్, ఆ కింద మినిమస్.
ఒంటికాలి మీద నిలబడితే
నడుం కూలిపోకుండా పట్టుకునే అన్నదమ్ములు.
పిరిఫార్మిస్ బేరిపండు ఆకారమట.
నాకు సొరపిందెలా కనపడింది.
దాని కింది అంచు నుంచి
వచ్చావు నువ్వు.

చిటికెనవేలంత లావు. కాస్త చదును.
తడిసిన పురికొస రంగు.
బైసెప్స్ పొడుగు తల కింద దూరి
తొడ వెంట దిగిపోతావు,
ఎవరింటికో దారి తెలిసినవాడిలా.

నాకప్పుడు ఆరేళ్ళు. వానాకాలం జొరం.
సందు చివర నాగలింగం డాక్టరు
(డాక్టరని మేమన్నాం, గోడ మీద ఆరెంపీ అనుంది)
అమ్మ ఒళ్ళో బోర్లా వేసి, నిక్కరు లాగి
ఎడం పిర్ర నట్టనడుమ గుచ్చాడు.
పాదం దాకా ఒక నిప్పుతీగ.
అరిచాను. "మగపిల్లాడివిరా," అన్నాడు.
రెండు రూపాయలు.
జొరం తగ్గింది. చెప్పు జారింది.

అప్పట్నుంచీ జారుతూనే ఉంది.
మోకాలెత్తి పాదం వేస్తాను.
బళ్ళో కొంగ అన్నారు.
అమ్మ ఎర్ర రిబ్బనుతో చెప్పుని మడమకి కట్టి
చర్చికి తీసుకెళ్ళేది.
చెల్లి ఒంటి రిబ్బనుతో వచ్చేది.
నాగలింగాన్ని అమ్మ ఎన్నడూ తిట్టలేదు.
పిల్లాడు కదిలాడు, అంది. ఒట్టేసి అంది.
నేను కదిలానా?

కొయ్యని కుడి పక్కన మేడం
స్కెచ్‌పెన్నుతో అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి గీసింది.
"పై బయటి పావు. సూది అక్కడే.
మిగతా మూడూ మర్చిపోండి."
దోసకాయ చెక్కలు కోసినంత సులువు.
నాగలింగానికి ఎవరూ గీసి చూపలేదు.

"ఏలియా, ఓసారి నడుస్తావా?"
ఏటా అడుగుతుంది. ఏటా నడుస్తాను,
కిటికీ నుంచి సింకు దాకా.
నోటుబుక్కుల నిండా నా అడుగు.

నఫీసా అనే పిల్ల మాత్రం రాయలేదు.
"నరం చీలేది మోకాలి వెనక కదా మేడం,
మరి పిర్రలో గుచ్చితే
పాదం ఎత్తడం ఒక్కటే ఎందుకు పోయింది?"
"చూడ్డానికి ఒకటి.
లోపల మొదట్నుంచీ రెండు, ఒకే తొడుగులో.
దెబ్బ బయటివాడికి తగిలింది."

ఇన్నేళ్ళలో ఈ మాట నా చెవిన పడలేదు.
నేను అడగలేదు కూడా.
రెండోవాడు బతికే ఉన్నాడన్నమాట.
పై అల్మరా తాళానికి
మునివేళ్ళ మీద లేచేది వాడి చలవే.

ఐదింటికి అందరూ పోయారు.
కండల్ని ఒక్కోటీ వాటి చోట పరిచి
తడిగుడ్డ కప్పాను. పాదాలు బయటికొచ్చాయి.
ఇక్కడ పడుకున్న అందరి పాదాలూ వాలే ఉంటాయి.
ఈ హాల్లో నా కాలు ఎవరికీ వింత కాదు.

లైటార్పడానికి మునివేళ్ళ మీద లేచాను.
స్విచ్చి అంత ఎత్తులో లేదు.
ఊరికే.